ఆ జాబితాలో మన పిల్ల పేరు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ వేళ మీతో క్రికెట్టు గురించి మాట్లాడదామని వచ్చాను. అప్పుడే రేడియో కట్టేయకండి! ఎవరెన్ని పరుగులు తీశారో చెప్పటానికి రాలేదు నేను. ఆ లెక్కలు మన ఇళ్ళలో మగవాళ్ళూ పిల్లలూ రోజూ వినిపిస్తూనే వున్నారు. ఆట మొదలయే ముందు, జట్టు అనే ఆ సంసారాన్ని ఎవరు ఎలా సర్దుతారు, ఎవర్ని అట్టేపెట్టుకుంటారు, ఎవర్ని వదులుకుంటారు, కొత్తవాళ్ళని ఎక్కడినించి ఏరుకొస్తారు అన్నదే నా విషయం. ఒక్క జీతాన్ని ముప్ఫై రోజులకు సర్దే మనకి ఇది అర్థం కాకపోవటమంటూ వుండదు.

2025 నవంబరు 27వ తేదీ మధ్యాహ్నం. వన్ టౌన్‌లో మా ఇంట్లో భోజనాలయి, అత్తయ్యగారు హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. టీవీలో ఢిల్లీ నించి మహిళా ప్రీమియర్ లీగు వేలంపాట వస్తోంది. ఒక్కొక్క అమ్మాయి పేరు చదవటం, బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు పలకలెత్తటం, "యాభై లక్షలు... అరవై లక్షలు..." అంటూ చివరికి సుత్తి కొట్టటం. అత్తయ్యగారు కాసేపు చూసి ముక్కుమీద వేలేసుకున్నారు.

"ఇదేం చోద్యమే తల్లీ! కాళేశ్వరరావు మార్కెట్లో అరటిగెలలు పాడినట్టు ఆడపిల్లల్ని పాడతారా!"

నిజం చెప్పొద్దూ, నాకూ మొదట్లో అలాగే వుండేది. "పాడేది పిల్లని కాదండీ, ఆ పిల్ల ఆటని. తన పేరు తనే ఇచ్చుకుంటుంది. ఇంతకు తగ్గితే రానని కనీస ధర తనే వేసుకుంటుంది. ఆ పైన ఎంత పలికినా ఆ సొమ్ము పిల్లకే" అన్నాను.

ఆవిడ కొంచెం ఆలోచించి, "అయితే మన పెళ్ళి సంబంధాలకంటే నయమే. అక్కడ పిల్లనిచ్చి ఎదురు సొమ్మిస్తాం. ఇక్కడ పిల్లకే ఇస్తున్నారు" అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడ్డారు.

ఆ మాట మీకూ చెప్పాలనిపించింది.

మనలో చాలామందికి చీటీపాట అలవాటే. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది సభ్యులు, నెలకు అయిదేసి వేలు అనుకోండి. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళు ఎక్కువ వదులుకుని పాడుకుంటారు. ఆటగత్తెల వేలంలో ఇది తిరగబడుతుంది. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళు పెంచి పాడతారు. రెండుచోట్లా గెలిచేది చేతిలో డబ్బున్నవాళ్ళే అనుకోకండి. తనకేం కావాలో, ఎంతవరకు పోగలదో ముందే మనసులో రాసుకొచ్చినవాళ్ళే గెలుస్తారు. చీటీ దగ్గర పంతానికి పోయి పాడి, ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని మనం చూడలేదూ!

ఇంతకీ ఈ లీగు 2023లో అయిదు జట్లతో మొదలయింది. మొదటి వేలం ఆ ఏడు ఫిబ్రవరి 13న బొంబాయిలో జరిగింది. ఒక్కో జట్టుకి 12 కోట్ల రూపాయల సంచీ ఇచ్చారు. యజమాని ఎంత కోటీశ్వరుడయినా అంతకు మించి పైసా పెట్టటానికి వీల్లేదు. ఆ సంచీ తరువాత 15 కోట్లయింది. ఆ డబ్బుతో 15 మందికి తగ్గకుండా, 18 మందికి మించకుండా జట్టు కట్టుకోవాలి. అందులో విదేశీయులు ఆరుగురికి మించకూడదు. వాళ్ళలోనూ మైదానంలోకి దిగేది మామూలుగా నలుగురే. అంటే ఆరుగురు విదేశీ తారల్ని కొనుక్కుంటే ఇద్దరు ఎప్పుడూ బయట కూర్చోవలసిందే. పండక్కి కొన్న పట్టుచీరె బీరువాలో వున్నట్టు!

ఇక పద్దు రాయటం మొదలవుతుంది. ఇద్దరు ముగ్గురు మొదటి బ్యాటర్లు కావాలి. వికెట్ల వెనక నిలబడే అమ్మాయి ఒకతె చాలదు, ఆమె వేలు విరిగితే ఇంకొకతె వుండాలి. వేగంగా బంతి వేసేవాళ్ళు, తిప్పి వేసేవాళ్ళు, రెండు పనులూ చేసేవాళ్ళు, ఎడమచేతివాళ్ళు, కుడిచేతివాళ్ళు, ఇలా అన్నీ చూసుకోవాలి. ఒక్క స్మృతి మంధానాకే బెంగుళూరువాళ్ళు 2023లో 3 కోట్ల 40 లక్షలు పెట్టారు. పన్నెండు కోట్లలో నాలుగో వంతుకు పైనే ఒక్క మనిషికి పోయాక, మిగిలిన సంచీతో మిగతా జట్టంతా సర్దుకోవాలి. పెద్దపిల్ల పెళ్ళి ఘనంగా చేసి, తరువాతివాళ్ళకి లెక్క చూసుకునే ఇల్లు లాంటిదే ఇదీను. కాబట్టి జట్టు నడిపేవాడి నేర్పు పెద్ద పేర్లు కొనటంలో కంటే, పది లక్షలకీ ముప్ఫై లక్షలకీ దొరికే నిక్కమైన పిల్లని కనిపెట్టటంలోనే తెలుస్తుంది.

ఆ కనిపెట్టేవాళ్ళు ఏడాది పొడుగునా తిరుగుతారు. రాష్ట్రాల మధ్య జరిగే పోటీలు, పంధొమ్మిదేళ్ళ లోపు పిల్లల పోటీలు చూస్తారు. ఎవరూ చూడని ఎండలో, ఖాళీ మైదానంలో ఆడే ఆటలే వాళ్ళకు ముఖ్యం. విశాఖపట్నం పిల్ల షబ్నమ్ షకీల్‌ని 2023లో గుజరాత్ జట్టు 10 లక్షలకు తీసుకున్నప్పుడు ఆ పిల్లకి పదిహేనేళ్ళు. ఆదోని నించి వచ్చిన ఎడమచేతి బౌలర్ అంజలీ శర్వాణికి యూపీ జట్టు 55 లక్షలిచ్చింది. మన కృష్ణా జిల్లా అమ్మాయి సబ్బినేని మేఘన 30 లక్షలకు గుజరాత్ జట్టులో చేరింది.

ఇంకొకామె గురించి మన ఆడవాళ్ళం ప్రత్యేకం చెప్పుకోవాలి. విశాఖపట్నం స్నేహ దీప్తి 2013లో, పదహారేళ్ళకే, భారత జట్టులో ఆడింది. అదే బంగ్లాదేశ్ సిరీస్‌లో స్మృతి మంధానా కూడా కొత్తగా జట్టులోకి వచ్చింది. తరువాత స్మృతి దారి ఒకటి, దీప్తి దారి ఒకటి. దీప్తికి పెళ్ళయింది, పాప పుట్టింది. పదేళ్ళ తరువాత, ఒక బిడ్డ తల్లిగా ఆమె మళ్ళీ పేరిచ్చుకుంటే ఢిల్లీ జట్టు 30 లక్షలకు తీసుకుంది. ఒకామెకు 3 కోట్ల 40 లక్షలు, ఇంకొకామెకు 30 లక్షలు అని లెక్క చూసేవాళ్ళు చూడనివ్వండి. బిడ్డ తల్లి పేరు ఆ జాబితాలో చదివారన్నదే నాకు పెద్ద వార్త.

వుంచుకోవటం, వదిలేయటం అనేది అన్నిటికన్నా కష్టమైన పని. 2026 పోటీలకు ముందు ఒక్కో జట్టు అయిదుగురిని మించి అట్టేపెట్టుకోకూడదన్నారు. అయిదుగురినీ వుంచుకుంటే సంచీలోంచి 9 కోట్ల 25 లక్షలు పోతాయి. ముంబై అలాగే అయిదుగురిని వుంచుకుని, 5 కోట్ల 75 లక్షలతో మిగతా జట్టు కొనుక్కోవటానికి వచ్చింది. యూపీవాళ్ళు ఒక్క పిల్లనే వుంచుకుని, పధ్నాలుగున్నర కోట్లతో వచ్చి కూర్చున్నారు. ఒకరిది పాత సామానుతోనే కాపురం, ఒకరిది ఇల్లంతా కడిగి కొత్తగా ముగ్గేయటం. రెండూ పద్ధతులే.

ఆ యూపీవాళ్ళు ఎవర్ని వదిలారనుకున్నారు? దీప్తి శర్మని! ఆ నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, 22 వికెట్లు తీసి ఆ పోటీలన్నిటికీ మేటి అనిపించుకున్న అమ్మాయిని. మొదటి పేరుగా అట్టేపెట్టుకుంటే మూడున్నర కోట్లివ్వాలి. వదిలేసి వేలంలోకి రానిచ్చారు. కాని వాళ్ళ చేతిలో ఒక హక్కుంది. దాన్ని రైట్ టు మ్యాచ్ అంటారు. అంటే ఇంకొకరు పాడిన ధరను మేమిస్తాం అని పాతవాళ్ళు తమ మనిషిని తిరిగి తీసుకోవచ్చు. ఢిల్లీ 50 లక్షలకు పాడింది. యూపీ తన హక్కు చెప్పుకుంది. అయితే మీ ఆఖరి మాటేమిటని ఢిల్లీని అడిగితే, వాళ్ళు ఒక్కసారిగా 3 కోట్ల 20 లక్షలన్నారు! యూపీ సరేనని తీసుకుంది. మూడున్నరకు వుంచుకోవలసిన మనిషి 3 కోట్ల 20కి తిరిగొచ్చింది. మిగిలిన 30 లక్షలతో మేఘనలాంటి ఇంకో పిల్లని తెచ్చుకోవచ్చు. కాని ఢిల్లీ ఇంకో మాట ఎక్కువన్నా చెయ్యి జారేదే గదా. అదృష్టం కూడా కొంత కలిసిరావాలి.

ఇదే పని పరదేశాల్లో ఎలా చేస్తారో కూడా చూడండి. ఆస్ట్రేలియావాళ్ళకి కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే సొంత ఫుట్‌బాల్ ఒకటుంది. ఒక్కో క్లబ్బులో నలభై మందికి పైగా ఆటగాళ్ళుంటారు. ఆ జాబితా చూసుకోవటానికే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటారు. అక్కడా జీతాల మొత్తానికి హద్దుంది. కాని కొత్త పిల్లల్ని వేలం వెయ్యరు. 1986 నించి వాళ్ళ పద్ధతి ఏమిటంటే, కిందటేడు ఆఖరున నిలిచిన జట్టు ముందు కోరుకుంటుంది, గెలిచిన జట్టు చివర కోరుకుంటుంది. చివరి పంక్తివాళ్ళకి ముందు విస్తరి వేసినట్టన్నమాట. బలహీనుడు మరీ బలహీనుడై పోకుండా ఇదొక ఏర్పాటు. 2017లో అక్కడ ఆడవాళ్ళకీ లీగు పెట్టారు. ఇందులో ఆడేవాళ్ళకి ఎక్కడికి పోతామన్నది తమ చేతిలో వుండదు. మన వేలంలోనూ అంతే. కడప పిల్ల ఢిల్లీకి, కృష్ణా జిల్లా పిల్ల గుజరాత్‌కి.

కడప పిల్లంటే గుర్తొచ్చింది. 2024 డిసెంబరులో జరిగిన చిన్న వేలంలో, కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి శ్రీచరణిని, ఇంకా భారత జట్టు మెట్టెక్కకముందే, 10 లక్షల కనీస ధర నించి పెంచుకుంటూ పోయి ఢిల్లీవాళ్ళు 55 లక్షలకు తీసుకున్నారు. మరుసటి ఏడు ఆ పిల్ల ఇండియాకి ఆడి, ప్రపంచ కప్పులో 14 వికెట్లు తీసింది. అయినా 2026కు ముందు అట్టేపెట్టుకున్న అయిదుగురిలో ఆ పేరు లేదు! వేలంలో మళ్ళీ ఆ ఢిల్లీయే కోటీ 30 లక్షలు పెట్టి తెచ్చుకుంది. చేతిలో వున్నది 5 కోట్ల 70 లక్షలే, అందులో అయిదో వంతుకు పైనే ఆ పిల్లకి పెట్టింది.

మేఘన సంగతీ అంతే. ఒక్క ఏడాదికే గుజరాత్ వదిలేసింది. 2023 డిసెంబరులో బెంగుళూరు అదే 30 లక్షలకు తీసుకుంది. ఆ వచ్చే పోటీలో మొదటి ఆటలోనే మేఘన 53 పరుగులు తీసింది. 2024 మార్చిలో కప్పు గెలిచింది బెంగుళూరే. వదిలేసిన గుజరాత్ ఆఖరున నిలిచింది. భద్రాచలం నించి వచ్చిన గొంగడి త్రిషను 2024 డిసెంబరులో ఎవరూ కొనలేదు. రెండు నెలలు తిరక్కుండా, పంధొమ్మిదేళ్ళ లోపు పిల్లల ప్రపంచ కప్పులో 309 పరుగులు చేసి ఆ పోటీకే మేటి అనిపించుకుంది. మరుసటి వేలంలో యూపీ 10 లక్షలకు తీసుకుంది.

ఇవన్నీ వింటూంటే బాగానే వుంటుంది. కాని గెలిచినవాళ్ళ కథలు చెప్పి మిమ్మల్ని ఆశల్లో ముంచటం నాకిష్టం లేదు. లెక్క చూడండి. అయిదు జట్లు, జట్టుకి ఎక్కువలో ఎక్కువ 18 మంది. అంతా కలిపి 90 చోట్లు. విదేశీయుల్ని తీసేస్తే ఈ దేశం మొత్తానికి సుమారు అరవై. 2025 నవంబరు వేలంలో 277 మంది పేర్లుంటే ఖాళీలు 73. ప్రపంచంలో పేరు మోసిన ఆస్ట్రేలియా వికెట్ కీపర్ అలిస్సా హీలీని ఆ రోజు ఎవరూ పాడలేదు. మరి మన వీధిలో ఆడే పిల్లల మాటేమిటి?

ఇక్కడ మా ఇంటి కథ చెప్పక తప్పదు.

మా చెల్లెలి కూతురు వుంది. 2016 నవంబరులో మన పక్కనే మూలపాడులో వెస్టిండీస్ ఆడవాళ్ళతో మన అమ్మాయిలు ఆడినప్పుడు దానికి ఏడేళ్ళు. చూడటానికి తీసుకెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "పెద్దమ్మా, అక్కలు కూడా ఆడొచ్చా?" అనడిగింది. ఆడొచ్చన్నాను. ఆ ఒక్క మాటకి ఇంత ఖర్చుంటుందని అప్పుడు నాకు తెలీదు! బ్యాటు, ప్యాడ్లు, బూట్లు, శిక్షణకి నెల ఫీజు, తెల్లవారుజామున తీసుకెళ్ళే మనిషి. ఏడేళ్ళు అలా నడిచింది.

2024లో ఒక ఎంపికకు వెళ్ళింది. మూడు రోజులు ఆడించారు. నాలుగో రోజు గోడకి కాయితం అంటించారు. మా పిల్ల పేరు లేదు. ఎందుకు లేదో చెప్పేవాళ్ళూ లేరు. ఇంటికొచ్చి కిట్ బ్యాగు మంచం కిందకి తోసి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అసలు జాబితా ఆ తరువాత ఇంట్లో తయారయింది. వాళ్ళన్న ఇంటర్మీడియెట్ కోచింగు ఫీజు కట్టవలసిన నెల అది. మా మరిదిగారు, పాపం, చెడ్డవాడు కాదు. వస్త్రలతలో గుమాస్తా వుద్యోగం. కాయితం, పెన్సిలు తీసుకుని ఖర్చులు రాశారు. ఏది తగ్గిద్దామని చూశారు. పెన్సిలు తిన్నగా వెళ్ళి పిల్ల శిక్షణ ఫీజు మీద ఆగింది. "ఎలాగూ సెలెక్టు కాలేదుగా" అన్నారు. అప్పుడు మా చెల్లెలు ఒక్క మాట అడిగింది. "పిల్లాడు కిందటేడు లెక్కల్లో తప్పాడుగా. అప్పుడు వాడి పేరు కొట్టేశామా?"

ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

సోదరీమణులారా, జట్లవాళ్ళు వదిలేసేటప్పుడు ఏదో ఒక లెక్క చూస్తారు. వయసు, దెబ్బలు, ఆట తీరు, ఖాళీలు. మన ఇళ్ళలో లెక్క చూడకుండానే కొట్టేసే పేరొకటుంటుంది. అది ఎవరి పేరో మీకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు.

మా చెల్లెలు ఆ నెల చీటీ పాడింది. లక్ష చీటీకి పద్ధెనిమిది వేలు వదులుకుంది. వచ్చిన 82 వేలల్లో కొడుకు ఫీజూ కట్టింది, కూతురి ఫీజూ కట్టింది. తరువాత నా దగ్గరికొచ్చి, "అక్కా, నేను చేసింది తప్పా?" అనడిగింది. పద్ధెనిమిది వేల నష్టం చిన్నది కాదు. తప్పనలేదు, ఒప్పనీ అనలేదు. "పిల్లనడిగావా?" అన్నాను. అడగలేదట. ఇద్దరం వెళ్ళి అడిగాం. అది చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆడతాను పెద్దమ్మా. కాని బ్యాటింగ్ చేసేవాళ్ళు మా దాంట్లో పదిమంది వున్నారు. కీపింగ్ చేసేది ఒక్కతే. నేను అది నేర్చుకుంటా" అంది. జట్టు సర్దేవాళ్ళు చూసే చూపుని ఆ పిల్ల తనంతట తానే పట్టుకుంది! ఈ ఏడు ప్రత్యామ్నాయ ఆటగత్తెల్లో పేరు వచ్చింది. అంటే ఎవరికన్నా దెబ్బ తగిలితేనే పిలుపు. రేపు పిలుస్తారో లేదో దేవుడికెరుక. పుస్తకాలు మాత్రం వదలనివ్వలేదు మేము.

నా అనుభవంలోంచి మూడు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, జాబితాలో పేరు లేదంటే పిల్ల పనికిరాదని కాదు. ఆ ఏడు, ఆ జట్టులో, ఆ పనికి ఖాళీ లేదని. ఈ మాట పిల్లకి మనం చెప్పాలి, అదీ ఆ రోజే చెప్పాలి. రెండోది, ఏది ఖాళీ వుందో, దేనికి మనిషి కావాలో కనుక్కుని నేర్పించండి. పాటలోనైనా, చదువులోనైనా, వుద్యోగంలోనైనా ఇదే దారి. దాంతోపాటు చదువూ నడవాలి. వేలంలో వచ్చేది ఏడాది మాట, చదువు జన్మంతటి మాట. మూడోది మనకే. ఇంటి ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు పెన్సిలు ఎవరి పేరు మీద ముందు ఆగుతోందో ఒక్కసారి చూసుకోండి. ఆగవలసి వస్తే ఆగనివ్వండి, లేనప్పుడు ఎవరైనా చేసేదేముంది? కాని లెక్క చూశాక ఆగాలి, అలవాటు కొద్దీ కాదు.

ఆ సాయంత్రం శ్రీచరణికి కోటీ 30 లక్షలని సుత్తి పడినప్పుడు మా అత్తయ్యగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, "ఆ పిల్లని కన్నతల్లి ఇప్పుడెక్కడ కూర్చుని చూస్తోందో!" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మా చెల్లెలు కూడా వాళ్ళింట్లో చూస్తూనే వుంటుంది.